పిల్లలకోడిని నేను కాదన్న రోజు

పోయిన నెల ఒక యువకుడు వెతుక్కుంటూ మా ఇంటికొచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. పల్లెల్లో చుక్కలకున్న పేర్లు సేకరిస్తున్నాడట. ఏ చుక్కల గుంపును ఏ జంతువు పేరుతో పిలిచేవాళ్లు, ఆ పేరు ఎలా వచ్చింది, దాని వెనకున్న కథేమిటి అని ఊరూరా తిరిగి అడుగుతున్నాడు. ఎప్పుడో నేను రాసిన ఒక వ్యాసం చదివి వచ్చానన్నాడు. టీ ఇచ్చాను. ఫోను బల్ల మీద పెట్టి నా మాటలు రికార్డు చేసుకుంటూ, పక్కన చిన్న పుస్తకంలో కూడా రాసుకున్నాడు. "ఇవన్నీ మీకు ఎవరు చెప్పారు మేడమ్?" అని అడిగాడు. మా జేజి అన్నాను. జేజి అంటే మా వైపు నాయన తల్లి. "ఆమె తర్వాత ఎవరు?" మా నాయన. "ఆయన తర్వాత?" నేనే. అతను ముగ్గురినీ ఒకరి కింద ఒకరిని రాసి మధ్యలో బాణం గుర్తులు గీశాడు. మూడు తరాలుగా చేతులు మారుతూ వచ్చిన విద్య అని మురిసిపోయాడు. నేను ఆ గుర్తుల వైపు చూశాను. రెండో బాణం అబద్ధం. నాయన దగ్గర్నుంచి నేనేమీ అందుకోలేదు. ఆయన చేతిలో ఉన్నదాన్ని నలుగురి ముందు నేలపాలు చేశాను. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను. కొత్తవాడు, చిన్నవాడు, ఇతనికెందుకులే అనుకున్నాను. అతను బస్సెక్కి పోయాడు గానీ ఆ 'ఎందుకులే' మాత్రం అప్పట్నుంచి నన్ను తింటూనే ఉంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆళ్లగడ్డలో మా వీధిలో అందరిదీ రాతిపనే. పొద్దు పొడవకముందే ఉలి మీద సుత్తి పడే చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది, ఎవరికేమైందో అని. మా ఇంటికి తనదైన వాసన ఉండేది. ఎండకు కాగిన రాయి మీద నీళ్లు చల్లితే లేచే వాసన అది. సాయంత్రం నాయన మొద్దుబారిన ఉలులను కొలిమిలో ఎర్రగా కాల్చి, మొన సాగగొట్టి, తొట్టిలో ముంచేవాడు. అప్పుడు లేచే ఇనుప ఆవిరి వాసన కూడా దానికి తోడయ్యేది. రాతిపొడి లేని చోటు లేదు. నీళ్లకుండ మూత మీద, దుప్పట్ల మడతల్లో, మా జడల్లో, అన్నిచోట్లా అదే. సంగటి ముద్దలో పంటికింద కరకరలాడినా మా ఇంట్లో ఎవరూ ముఖం చిట్లించేవాళ్లు కాదు. నేను ఎప్పుడన్నా ఉమ్మేస్తే జేజి ఊరుకునేది కాదు. "ఆ రాయి కొడ్తాంటేనే గదే మనం తింటాండేది. కొంచెం కడుపులోకి పోతే ఏం, అరగదా?" అనేది. నాయన మూడో తరగతితో బడి మానేసిన మనిషి. నంది కావాలన్నా, నవగ్రహాలు కావాలన్నా, ఒట్టి రోలు కావాలన్నా ఒకే శ్రద్ధగా చేసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. ఏదైనా బాగుంటే "ఊఁ" అనేవాడు, బాగలేకపోతే అదీ ఉండేది కాదు.

జేజి పగలు సూదిలో దారం ఎక్కించలేదు. పొద్దుగూకి చీకటి పడితే మాత్రం ఆమె చూపు ఎక్కడికో పోయేది. అన్నాలు తిన్నాక వాకిట్లో చాప పరుచుకుని, పొగాకు కాడ దవడన పెట్టుకుని, ఆకాశాన్ని తన ఇంటి సామాను లెక్క చూసుకున్నట్టు చూసుకునేది. బుక్కుల్లో కృత్తిక అని ఉండే చుక్కల కుప్ప ఆమెకు పిల్లలకోడి. ఉత్తరాన ఉండే ఏడింటిలో నాలుగు ముసలమ్మ మంచంకోళ్లు, మిగతా మూడూ ఆ మంచం ఎత్తుకుపోవాలని వచ్చిన దొంగలు. వరసగా ఉండే మూడు చుక్కలు గొల్లకావడి. ఎండాకాలం దక్షిణాన తోక పైకెత్తి ఉండేది తేలు. ఈ పేర్లు ఎవరు పెట్టారని నేను అడిగితే ఆమె వెంటనే చెప్పింది.

"ఎవురు పెడ్తారు? రేత్రిళ్లు నిద్ర పట్టనోళ్లు పెట్టినారు. కోళ్లుండేదానికి అడవిపిల్లి భయం. ఊరికే లేసి గంప ఎత్తి పిల్లల్ని సూసుకుంటాంటాది. అట్ల లేసినప్పుడు మీదికి సూస్తే కోడి కనపడ్తాది గానీ ఏనుగు కనపడ్తాదా? మంచమొక్కటే ఆస్తి అయిన ముసల్దానికి మంచమే కనపడె. పక్కలో తేలుంటాదేమోనని దుప్పటి దులుపుకునేటోనికి తేలే కనపడె. ఏది పోతాదో అని మనిషి లేసి సూసుకుంటాడో, ఏదొస్తాదో అని ఉలిక్కిపడ్తాడో, అది మీదికి ఎక్కుతాది."

ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. ఎక్కడెక్కడి జనమో ఆకాశంలో ఎలుగుబంటినీ, సింహాన్నీ, ఎద్దునూ ఎందుకు పెట్టుకున్నారో పెద్ద పెద్దవాళ్లు రాసినవి చదివాను. జేజి చాప మీద కూర్చుని చెప్పినదానికన్నా మంచి కారణం నాకు ఇంతవరకూ దొరకలేదు. పిల్లలకోడికి ఆమె చెప్పే కథ ఇది. ఒక కరువు సంవత్సరం, వాన పడితే కోడిని ఇస్తానని ఇంటావిడ అమ్మవారికి మొక్కుకుంది. గంపకింద కోడి విన్నది. పిల్లలకు గింజ ఏరుకోవడం వచ్చేదాకా గడువివ్వమని అడిగింది. సరేనన్నారు. అది ఒక్కో రోజూ పిల్లల్ని తీసుకుని కొంచెం దూరం పోయింది. దిబ్బ మీదికి, మిద్దె మీదికి, నల్లమల కొండ మీదికి, ఆడ్నుంచి పైకి. ఎప్పుడడిగినా "ఇంకా నేర్సుకోల్యా, ఇంకా నేర్సుకోల్యా" అంటుంది. అందుకే ఆ పిల్లలు ఎన్నేండ్లయినా పెద్దవి కావు. వానకారు ముందు ఒక నెల రోజులు కోడి మనకు కనపడదు. మొక్కు గడువు మీద పడిందని దాక్కుంటుంది. తొలకరి పడ్డాక తెల్లవారుజామున మెల్లిగా తూర్పున తల బయటపెడుతుంది. నేను చిన్నప్పుడు ఆ నెలంతా దాన్ని ఎవరూ పట్టుకోకుండా ఉంటే బాగుండునని మనసులో మొక్కుకునేదాన్ని.

అహోబిలం అడవిలోంచి తేనె తెచ్చి అమ్మే చెంచు ఈరమ్మ ఒక్కోసారి పొద్దుపోతే మా వాకిట్లోనే పడుకునేది. ఆమెకూ జేజికీ గొల్లకావడి దగ్గర ఎప్పుడూ తగువే. "కావడేందీ, అది తేనె కోసే తాడు. తాడుకు ఆ కొసన బావ, ఈ కొసన బామ్మర్ది" అనేది ఈరమ్మ. కొండ అంచున వేలాడుతూ తేనె కోసేటప్పుడు పైన తాడు పట్టుకునేది పెళ్లాం తమ్ముడో అన్నో అయి ఉండాలట. అక్కచెల్లెల్ని ముండమోయించుకోడు కాబట్టి తాడు వదలడని నమ్మకం. జేజి కడుపుబ్బ నవ్వేది. "సరేలే, మీ అడివిలో తాడు, మా ఊళ్లో కావడి. రెండూ మోసేదే గదా" అనేది. ఒకరి పేరును ఇంకొకరు తప్పనలేదు. చదువురాని ఆ ఇద్దరికీ తెలిసిన మర్యాద నాకు చదువుకున్నాక కూడా రాలేదు.

నన్ను నంద్యాలలో హాస్టలున్న బడిలో వేశారు. మా వీధిలో ఆడపిల్లను అంత దూరం పంపడం అదే మొదలు. నాయన పట్టుబట్టి పంపాడు. మొదటి నెలలోనే క్లాసులో అయ్యవారు చుక్కల గుంపు ఒకదాని పేరు చెప్పమన్నాడు. నేను ముందుగా చెయ్యెత్తి పిల్లలకోడి అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ, "కూర్చోమ్మా, మనం సైన్సు చదువుతున్నాం" అన్నాడు. ఆ రోజునుంచి ఏడాదిపాటు నా పేరు కోడిపెట్ట. అన్నానికి వరసలో నిలబడితే వెనకనుంచి కొక్కొరొకో. దుప్పటి కప్పుకుంటే పొదుగుతోందని కేకలు. నేను ఏడ్చి, తర్వాత ఏడుపు మానేసి, కసిగా చదివాను. అట్లాసు మొత్తం కంఠస్థం చేశాను. కృత్తిక, వృషభం, మృగశిర, వృశ్చికం అని శుభ్రంగా పలకడం నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు జేజి చాప పరిస్తే నిద్రొస్తోందని లోపలికి పోయేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఎవరి కోసం పుట్టిందో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం చక్కగా సరిపోయింది.

ఆ కాలంలోనే బండి ఆత్మకూరు దగ్గరి ఒక ఊళ్లో పాత శివాలయానికి కొత్తగా మండపం కడుతున్నారు. గుడిపెద్ద సుబ్బరామయ్య మా ఇంటికొచ్చి నాయనకు పైకప్పు మధ్యలో వేసే రాయి పని అప్పగించాడు. "చుక్కలు, వాటి జంతువులు చెక్కాల ఆచారీ. కింద నిలబడి మీదికి సూస్తే ఆకాశం సూసినట్టుండాల" అన్నాడు. ఆయన మనసులో ఉన్నది క్యాలెండరులో ఉండే పన్నెండు రాశులు. నాయనకు తెలిసిన చుక్కల జంతువులు వాళ్లమ్మ చెప్పినవి. ఆ మాట ఇద్దరికీ అప్పుడు తట్టలేదు. మా తాత పైకప్పులు చేసినవాడట గానీ ఆయన తొందరగా పోయాడు. నాయన అంతవరకూ ఒక్క పైకప్పు రాయీ చెయ్యలేదు. ఆ పని దొరికిన రోజు రాత్రి ఆయన రెండుసార్లు "ఊఁ" అన్నాడని అమ్మ నాకు చెప్పింది.

నాయన ఆ పని చేసిన పద్ధతి ఇది. ఒక పాత మంచానికి నులక విప్పేసి ఒట్టి చట్రం చేశాడు. నాలుగు పక్కలా సున్నంతో దిక్కుల గుర్తులు పెట్టుకున్నాడు. దాన్ని వాకిట్లో రాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టి, చట్రానికి అడ్డంగా నిలువుగా దారాలు కట్టి, దాని కింద పడుకున్నాడు. తల కదలకుండా ఒక రాయిని దిండుగా పెట్టుకున్నాడు. ఒక కన్ను మూసి పైకి చూస్తూ, చుక్క ఏ దారానికి తగిలితే అక్కడ చెయ్యెత్తి ముడి వేసేవాడు. జేజి పక్కన కూర్చుని "ఆ కడగొట్టుది మర్సిపోతాండావ్, సన్నగుండాది సూడు" అని చెప్తుండేది. కార్తీకంలో కోడితో మొదలుపెట్టాడు. ఒక్కో గుంపు బాగా కనపడే కాలం వచ్చేదాకా ఆగి ఏడాదిపాటు చేశాడు. వేసవి సెలవుల్లో తేలు వంతు వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. ముళ్లన్నీ పడ్డాక మరుసటి పొద్దున నన్ను పిలిచి, "ఆ పక్క పట్టుకో మ్మా, తిరగేద్దాం" అన్నాడు. చట్రాన్ని నేనొక పక్క, ఆయనొక పక్క పట్టుకుని బోర్లా తిప్పి రాయి మీద పెట్టాం. ముడి ఉన్న చోటల్లా ఆయన రాయి మీద బొట్టు పెట్టుకున్నాడు. ఎందుకు తిప్పుతున్నావని నేను అడగలేదు. ఆ పని తొందరగా అయిపోతే లోపలికి పోయి చదువుకుందామని ఉంది నాకు.

దసరా సెలవుల నాటికి రాయి తయారయింది. ఒక మూల కోడి, దాని రెక్కల కింద ముక్కులు బయటపెట్టిన పిల్లలు. ఇంకో మూల మంచం, దాన్ని మోస్తూ తడబడుతున్న ముగ్గురు దొంగలు. కావడి. తేలు. అంచుల మీద దిక్కులకు గుర్తుగా తూర్పున ఇంద్రుడి ఏనుగు, పడమర వరుణుడి మొసలి, దక్షిణాన యముడి దున్నపోతు, ఉత్తరాన కుబేరుడు. కోడి కంటిని నాయన అన్నింటికన్నా చివర తెరిచాడు, దేవుడి విగ్రహానికి తెరిచినట్టే. మొక్కు గడువు మీద పడితే దాక్కుని తప్పించుకునే కోడి కన్ను ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంది అది. అంత మంచి పని ఆయన చేతినుంచి ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

సుబ్బరామయ్య ఇంకో నలుగురితో కలిసి జీపులో వచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. వాళ్లు రాయి చుట్టూ నిలబడ్డారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

"ఏందీ ఆచారీ ఇది? గుళ్లో కోడి ఏందప్పా?" అన్నాడు సుబ్బరామయ్య.

"చుక్కలప్పా. నువ్వు చెప్పినట్టే, చుక్కలు, వాటి జంతువులు" అన్నాడు నాయన.

"నేను చెప్పింది మేషం, వృషభం, అవి. ఈ మంచమేందీ? ఈ దొంగలేందీ?"

"మాకాడ అట్లనే అంటారప్పా. మీ ఊళ్లో గూడా అంటారు, ఆడోళ్లను అడగండి."

వెంట వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వాడు. "మాయమ్మా పిల్లలకోడి అనేదిలే. తేలు మాత్రం బెమ్మాండంగా ఉండాది" అన్నాడు. సుబ్బరామయ్య చెడ్డమనిషేమీ కాదు. ఆయన ముఖంలో చిరాకు ఉంది గానీ నిర్ణయం లేదు. కోడి కంటి వైపు చాలాసేపు చూశాడు. ఇంకో నాలుగు మాటలు పడితే ఒప్పుకునేవాడేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు ఆయనే అన్నాడు, "మీ పాప నంద్యాలలో సదువుతాందంట గదా. పిలువప్పా, ఆ పాపనే అడుగుదాం."

నాయన నన్ను పిలిచాడు. చేతులకున్న పొడి పంచెకు తుడుచుకుంటూ, "రా మ్మా, చెప్పు" అన్నాడు. ఆ పిలుపులో ఎంత నమ్మకముందో, ఎంత గర్వముందో నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. రాయి మీద కోడిని చూడగానే హాస్టలు భోజనాల వరస గుర్తొచ్చింది. ఈ రాయి గుడికెక్కితే ఈ కోడి కలకాలం ఉంటుంది, చెక్కింది ఎవరంటే మా నాయన పేరు చెప్తారు, ఆయన కూతురు ఎవరంటే కోడిపెట్ట అంటారు. పద్నాలుగేళ్ల తలలో తిరిగింది అంతే.

"బుక్కులో కోడి అని ఎక్కడా లేదండీ. దాని పేరు కృత్తిక. వృషభరాశిలో వస్తుంది. కోడి అనేది చదువురానివాళ్ల మాట" అన్నాను. వాళ్ల దగ్గర అండీ అనడం కూడా నంద్యాలలోనే నేర్చుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. "దిక్కులు కూడా తప్పు. పైన ఉత్తరం ఉంటే తూర్పు కుడిపక్కన ఉండాలి. ఇక్కడ ఏనుగు ఎడమపక్కన ఉంది." లోపలికి పరుగెత్తి అట్లాసు తెచ్చి, దేశపటం తీసి రాయి పక్కన పెట్టి చూపించాను.

సుబ్బరామయ్య ముఖం మారిపోయింది. కోడిని ఆయన క్షమించేవాడేమో గానీ దిక్కును ఎట్లా క్షమిస్తాడు? ఏనుగు ఉండాల్సిన చోట మొసలి ఉంటే ఊరికి అరిష్టం కదా. నాయన "పైకప్పు రాయప్పా అది, మీదికి ఎత్తినాక..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. వంగి అట్లాసు మీద వేలు పెట్టాడు. ఆ వేలు తూర్పు అని ఉన్న చోటికి పోయింది. తర్వాత రాయిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఔనా మ్మా?" అన్నాడు.

"ఔను నాయనా" అన్నాను.

జీపు వెళ్లిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్టును నేనే నరికి చూపించాను. జేజి అంతసేపూ గడప మీద కూర్చునే ఉంది. తిట్టలేదు. "ఇన్నేండ్లూ ఎవురికీ దొరకల్యా ఆ కోడి. నీకు దొరికె" అని లేచి లోపలికి పోయింది. తర్వాత వారం రోజులు నాయన పొద్దుగూకాక నా అట్లాసు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడటం చూశాను. పైకి చూసేవాడు, పుస్తకంలోకి చూసేవాడు, మళ్లీ పైకి చూసేవాడు. నేను హాస్టలుకు పోయేముందు రోజు పుస్తకాన్ని గుడ్డతో తుడిచి నాకిచ్చేశాడు. రాయిని గడ్డపారలతో బోర్లా వేశారు. దాని వీపు మీద అమ్మ బట్టలు ఉతికేది. ఆ గుడికి పన్నెండు రాశుల రాయి ఎక్కడినుంచో తెప్పించుకున్నారని విన్నాను. నాయన మళ్లీ పైకప్పు పని ఒప్పుకోలేదు. ఎవరు ఏ విగ్రహం అడిగినా "బొమ్మ తెచ్చీండప్పా. బొమ్మలో ఎట్లుంటే అట్ల చేస్తా" అనేవాడు. అంతకుముందు ఆయనకు ఎవరూ బొమ్మ చూపించాల్సిన అవసరం రాలేదు.

నేను చదువు ముగించి నంద్యాలలోనే టీచరునయ్యాను. అప్పటికి జేజి పోయింది. ఒకసారి మాకు శిక్షణ తరగతులు పెట్టి చుక్కల పటాలు పంచారు. గుండ్రటి అట్ట, మధ్యలో తిరిగే రేకు. బల్ల మీద పెట్టి చూస్తే తూర్పు ఎడమపక్క ఉంది. అచ్చు తప్పని చెయ్యెత్తి చెప్పాను. శిక్షణ ఇచ్చే ఆవిడ నవ్వి, "దీన్ని బల్ల మీద పెట్టి చూడకూడదు. తలమీదికి ఎత్తి చూడండి" అంది. ఎత్తాను. తూర్పు తూర్పున ఉంది. నేల పటాన్ని పైనుంచి కిందికి చూస్తాం, ఆకాశాన్ని కిందినుంచి పైకి చూస్తాం. ఎడమ కుడి తారుమారవుతాయి. ఇంతే. దీనికి కాలేజీ అవసరం లేదు. ఒట్టి మంచం చట్రం కింద పడుకుంటే చాలు. ఆ చట్రాన్ని తిరగేసేటప్పుడు ఒక పక్క పట్టుకున్నది నేనే. పటం ఎత్తిన చేతులు దించకుండా అలాగే ఉండిపోతే పక్కావిడ భుజం తట్టి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా ఏం చెప్పాలో కూడగట్టుకుంటూనే ఉన్నాను. అప్పటికి మా వీధిలోకి కోత మిషన్లు వచ్చాయి. ఉలి చప్పుడు తగ్గి, చెవులు చిల్లులు పడేలా ఒకటే రొద. బట్టలు ఉతికే చోట రాయి లేదు. విగ్రహాలకు పీఠాలు కావాలంటే ముక్కలు కోయించానని, గీతలు తానే గీసి ఇచ్చానని నాయన మామూలుగా చెప్పాడు. కోడి ఏ దేవుడి కింద ఏ ఊళ్లో ఉందో తెలియదు. నేను పటం తీసి ఆయన తలమీద పట్టుకుని చూపించాను. ఏనుగు సరైన చోటే ఉందన్నాను. తప్పు నాదన్నాను, ఏడ్చాను. ఆయన తల ఎత్తి, షాపులో క్యాలెండరు చూసినట్టు చూశాడు.

"బాగుండాది" అన్నాడు. "యాల ఏడుస్తాండావ్? నువ్వు బుక్కు సూసి చెప్తివి. నాకేం తెలుసు మ్మా, నేను సదువుకున్నానా?"

"కాదు నాయనా, నువ్వు చేసిందే నిజం. నీకు అప్పుడు తెలుసు."

"యాడ తెల్సు? ఏదో అట్ల తోచె, చేస్తి. పోనీలే."

ఎంత చెప్పినా అదే మాట. ఒక్క 'ఔను'తో నా తప్పును నమ్మిన మనిషి, ఆ రోజు గంటసేపు చెప్పినా నా నిజాన్ని నమ్మలేదు. నా మీద కోపముంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కోపం లేదు. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది. దాన్ని తీసేసింది నేను. తిరిగి పెట్టడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు కాలం మారింది. అప్పుడు నవ్విన చదువే ఇప్పుడు పల్లె పేర్లు కావాలని ఇంటికొచ్చి అడుగుతోంది. పిల్లలకోడి అంటే సభల్లో చప్పట్లు కొడుతున్నారు. నేను రాసిన వ్యాసానికి ఎంతమంది ఉత్తరాలు రాశారో. అందులో జేజి ఉంది, చాప ఉంది, పొగాకు కాడ ఉంది. రాయి గురించి ఒక్క వాక్యం లేదు. నాయన గురించి 'మా నాయన శిల్పి' అని మూడు మాటలున్నాయి. ఆ మెచ్చుకోళ్లన్నీ నేను వాళ్లిద్దరి దగ్గరా దొంగిలించినవే.

నాయన చివరి సంవత్సరాల్లో ఒకసారి నా కొడుకుతో ఆళ్లగడ్డ పోయాను. వాడికి ఆరేళ్లు. పొద్దుగూకాక కరెంటు పోయింది. వీధి మొత్తం చీకటి కావడంతో చుక్కలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. నంద్యాలలో పుట్టినవాడు అన్ని చుక్కలు ఎప్పుడూ చూడలేదు. వాకిట్లో వాడు తాత మోకాళ్ల మీద చేతులు పెట్టి, తలెత్తి, "తాతా, ఆ కుప్పగా ఉండేవేం చుక్కలు?" అని అడిగాడు. నేను గడపలో నిలబడ్డాను. చెప్పు నాయనా, ఒక్కసారి చెప్పు అని లోపల మొత్తుకున్నాను. ఆయన పైకి చూశాడు. తీరిగ్గానే చూశాడు.

"నాకు తెల్దప్పా. మీయమ్మను అడుగు. ఆయమ్మ సదివింది" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని దగ్గరికి పోయి ఆయన ముఖంలోకి చూశాను. ఉంటే ఎంత బాగుండేదో. లేదు. పిల్లవాడు నా పక్కకొచ్చి కూర్చున్నాడు. నాయన కూడా తన పీట దగ్గరికి జరుపుకుని, నేను ఏం చెప్తానో వినడానికి కూర్చున్నాడు.